పైరు మేసే జింకపై చెయ్యి వేస్తే జైలే!

వేరుశనగ మొలిచి నాలుగాకులు వేసేసరికి మంద వచ్చి పడుతుంది. తెల్లారి వెళ్లి చూస్తే సాళ్లకు సాళ్లే ఖాళీ. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలి పెట్టాలి. ఈలోగా పదును ఆరిపోతుంది. నంద్యాల జిల్లా రోళ్లపాడు చుట్టుపక్కల, కృష్ణా ఒడ్డున నారాయణపేట జిల్లా పల్లెల్లో రైతులకు ఈ బాధ కొత్త కాదు. రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పక్షి కోసం పెట్టారు. ఆ నీడన కృష్ణజింకలు పెరిగాయి, పొలాల మీద పడ్డాయి.

'నా పొలంలో పడి మేస్తుంటే ఉచ్చు బిగిస్తే తప్పేంటి?' అని మీరు అడగొచ్చు. కడుపు మంట అలాంటిది. కానీ చట్టం తెలియకుండా ఆ పని చేస్తే పంటతోపాటు ఇల్లూ గుల్లవుతుంది.

రెండు జింకలు, రెండు లెక్కలు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా. చుక్కల దుప్పి రెండో షెడ్యూలులో ఉంది. దానికి మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అభయారణ్యం లోపల వేటాడితే దుప్పికైనా మొదటి షెడ్యూలు శిక్షే.

వేటంటే తుపాకీతో కాల్చడమొక్కటే అనుకోకండి. ఉచ్చు వేయడం, విషం పెట్టడం, గాయపరచడం, పట్టుకోవడం, చివరికి ఆ ప్రయత్నం చేయడమూ వేటే. పంట కాపలాకని తీసుకున్న తుపాకీ లైసెన్సు జింకను కాల్చడానికి పనికిరాదు. అడవి పందుల మీద ఇచ్చిన ఉత్తర్వులు చూపించి జింకను కొడతామన్నా కుదరదు.

అనుమతి ఎవరిస్తారు?

పంటకు ముప్పు ఉందని రుజువైతే రెండో షెడ్యూలు జంతువు విషయంలో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి, కారణాలు రాసి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. కృష్ణజింకకు ఆ దారి లేదు. అది మనిషి ప్రాణానికి ముప్పయినా, కోలుకోలేని జబ్బు చేసినా తప్ప చంపడానికి అనుమతి రాదు. పంట మేసిందన్న కారణం చాలదు.

అయితే మందను పట్టి వేరేచోట వదలమని అడిగే హక్కు మనకుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ జిల్లాలో హెలికాప్టర్‌తో తోలి, వందల కృష్ణజింకలను పట్టి అడవుల్లో వదిలారు. ఒక్కడు అడిగితే వినకపోవచ్చు. ఊరంతా సంతకాలు చేసి గ్రామసభ తీర్మానంతో అడిగితే కాగితం కదులుతుంది.

కరెంటు తీగ జోలికి పోవద్దు

రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క పొలం రైతో, మీ ఇంటి ఎద్దో ఆ తీగకు తగిలితే ఏం చేస్తారు? మనిషి పోతే జింక కేసు కాదు, మనిషి చావు కేసు మెడకు చుట్టుకుంటుంది. కరెంటు చౌర్యం కేసు అదనం.

సోలార్ కంచె సంగతి వేరు. బ్యాటరీతో నడిచే యంత్రం క్షణమాత్రం షాక్ కొట్టి వదిలేస్తుంది. జంతువు బెదిరి పోతుంది. నలుగురు చిన్న రైతులు పక్కపక్కన ఉంటే కలిసి ఒకే కంచె వేసుకోండి, ఖర్చు పంచుకోవచ్చు. పొలం గట్టున నాలుగు వరుసలు ముళ్ల కుసుమ వేస్తే కొంత అడ్డు. మొలక దశలో తెల్లవారుజామున, సాయంత్రం వంతులవారీగా కావలి కాయండి. డప్పు కొట్టి, కేకలేసి తోలితే నేరం కాదు. కుక్కలను ఉసిగొల్పి పట్టిస్తే నేరమే.

నష్టం జరిగితే

మేసిన రోజే ఫొటోలు తీయించండి. మిగిలిన మోళ్లు, గిట్టల గుర్తులు కనబడాలి. అటవీ రేంజ్ అధికారికి సర్వే నంబరు, పంట, ఎన్ని సెంట్లు పోయిందో రాసి అర్జీ ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. తనిఖీ అయ్యేదాకా ఆ మడి దున్నకండి.

2026 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్నీ చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఏ జంతువులు, ఏ ప్రాంతాలన్నది రాష్ట్రమే నోటిఫై చేయాలి. నష్టం జరిగిన 72 గంటల్లో బీమా యాప్‌లో ఫొటోలతో తెలపాలి. మీ మండలం అందులో ఉందో లేదో విత్తనం వేయకముందే వ్యవసాయాధికారిని అడగండి.

మరో మాట. మీ పొలంలో జింక చచ్చి పడి ఉంటే అది ప్రభుత్వ సొత్తు. ముట్టుకోకుండా అటవీశాఖకో, పోలీస్ స్టేషన్‌కో వెంటనే కబురు చేయండి. కోసి మాంసం పంచుకుంటే, మేం చంపలేదంటే నమ్మరు. చంపలేదని రుజువు చేసుకోవాల్సిన భారం మీమీదే పడుతుంది.