రాయికి వెల్లుల్లి వాసన

పాతకాలపు ఖనిజవేత్తల సంచిలో కర్రబొగ్గు ముక్క, ఊదుడు గొట్టం తప్పకుండా ఉండేవి. అనుమానం ఉన్న రాతి పలుకును బొగ్గు మీద పెట్టి మంట ఊదేవారు. గుప్పున వెల్లుల్లి వాసన కొడితే అందులో ఆర్సెనిక్ ఉన్నట్టే. పరీక్ష చవకే కానీ, ఆ వాసన తగిలేసరికి విషం ముక్కులోకి చేరిపోతుంది. ఇప్పుడు ఈ పని ఎవరూ చేయకూడదు.

ఆయుర్వేదం ఎరిగిన హరిదళం, మణిశిల కూడా ఆర్సెనిక్ ఖనిజాలే. వాటిలో దాని జత గంధకం. ఆర్సెనిక్ ఆక్సిజన్‌తో, ఏదో ఒక లోహంతో కలిస్తే ఆర్సెనేట్లు పుడతాయి.

మొరాకోలోని బూ అజ్జర్ కోబాల్ట్ గనుల్లో గులాబీ రంగు రాయి దొరికితే అప్పుడే సంబరపడొద్దు. అది ఎరిథ్రైట్ అనే ఆర్సెనేట్ కావచ్చు, అరుదైన మరో ఆర్సెనేట్ రోజలైట్ కావచ్చు, ఉత్త కాల్సైట్ కూడా కావచ్చు. మూడింటికీ రంగు పులిమేది కోబాల్టే. ముందు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తారు. బుసబుసా పొంగితే కాల్సైట్. అయితే కింది రాయిలోనూ కాల్సైట్ ఉండొచ్చు కనుక, గులాబీ పలుకును విడదీసి దాని మీదే వేయాలి. పొంగలేదా, గోటితో గీరాలి. ఎరిథ్రైట్ కాఠిన్యం 1.5 నుంచి 2.5, గోటికి లొంగుతుంది. రోజలైట్‌ది 3.5, గోరు అరగాల్సిందే. భూతద్దంలో ఎరిథ్రైట్ సూదులు ఒకేచోటు నుంచి విచ్చుకుని కనిపిస్తాయి. రోజలైట్ పొట్టి పొట్టి స్ఫటికాలు.

ఇంత చేసినా రోజలైట్ అని రాసుకోవడం తొందరపాటే. అదే రసాయన కూర్పుతో, పరమాణువుల అమరిక మాత్రం వేరుగా బీటా-రోజలైట్ ఉంది. కోబాల్ట్ స్థానంలో మెగ్నీషియం ఎక్కువైతే వెండ్‌విల్సనైట్ అవుతుంది. బూ అజ్జర్‌లో ఇవీ ఉన్నాయి. తేల్చాల్సింది ప్రయోగశాలే.

కెనడాలోని ఆంటారియోలో 1903లో రైలు మార్గం వేస్తుంటే వెండి బయటపడింది. ఆ చుట్టుపక్కల రాళ్లపై పూసిన ఎరిథ్రైట్ గులాబీ పొడి తర్వాత వెండి వెతికేవారికి ఆనవాలైంది. అక్కడి ఊరి పేరే కోబాల్ట్.

మెక్సికోలోని మపిమి దగ్గరి ఒహుయేలా గని అడమైట్‌కు ప్రసిద్ధి. గోధుమ రంగు లిమొనైట్ మీద పసుపుపచ్చ స్ఫటికాలు. ఇది జింక్ ఆర్సెనేట్. జింక్ రంగునివ్వదు; కాస్త రాగి కలిస్తే ఆకుపచ్చ, మాంగనీస్ కలిస్తే ఊదా. చీకట్లో అతినీలలోహిత దీపం వేస్తే చాలా అడమైట్లు కళ్లు చెదిరేలా ఆకుపచ్చగా వెలుగుతాయి. కారణం లేశమాత్రపు యురేనియం.

మిమెటైట్‌ను కళ్లకన్నా ముందు అరచెయ్యి పసిగడుతుంది. ఇది సీసపు ఆర్సెనేట్ కనుక సాంద్రత 7 దాటుతుంది, క్వార్ట్జ్‌ది 2.65. తిరకాసల్లా పైరోమార్ఫైట్‌తోనే. ఆర్సెనిక్ స్థానంలో ఫాస్ఫరస్ ఉన్న ఆ రాయి బరువూ, రూపమూ, తరచూ రంగూ ఇదే. రెండూ కలగలిసిన స్ఫటికాలూ దొరుకుతాయి.