మీకు తెలుసా? కథలో స్త్రీ గొంతు

• చదువు, వివాహం, ఇంటి పెత్తనం వంటి విషయాలపై స్త్రీలే కథలు రాయడం 19వ శతాబ్దం చివరికి పాశ్చాత్య సాహిత్యంలో బలపడింది. అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ‘ది ఎల్లో వాల్‌పేపర్’ ప్రచురించారు. విశ్రాంతి చికిత్స పేరుతో గదికి పరిమితమైన స్త్రీ తానే చెప్పుకునే కథ అది.

• రచయిత్రి కేట్ షోపెన్ 1894 నాటి ‘ది స్టోరీ ఆఫ్ యాన్ అవర్’లో భర్త మరణవార్త విన్న భార్యకు దుఃఖంతోపాటు స్వేచ్ఛా స్ఫురిస్తుంది.

• తెలుగులో ఈ బాట వేసినవారు భండారు అచ్చమాంబ (1874–1905). చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె తమ్ముడు. 1902లో వెలువడిన ‘స్త్రీవిద్య’ కథ మొత్తం భార్యాభర్తల సంభాషణే. జైలుకు వెళ్లబోయే భర్త, ఉత్తరాలు రాసుకోవడానికైనా చదువు నేర్చుకొమ్మని భార్యను ఒప్పిస్తాడు.

• అచ్చమాంబ కథ ‘ధనత్రయోదశి’ కూడా 1902 నాటిదే. తొలి ఆధునిక తెలుగు కథగా చాలాకాలం పేరొందిన గురజాడ ‘దిద్దుబాటు’ వెలువడింది 1910లో.

• ఎక్కువగా స్త్రీల జీవితాలనే కథలుగా మలిచిన కెనడా రచయిత్రి ఆలిస్ మన్రోకు 2013లో నోబెల్ సాహిత్య బహుమతి లభించింది.