తొట్టిలో తిరిగే గాలి

అమెరికా హైవేల మీద చాలాకాలంగా కనిపించే దృశ్యమిది. తొట్టిలో సరుకేమీ లేని పికప్ ట్రక్కు వేగంగా పోతుంటుంది. వెనక తలుపు మాత్రం కిందికి దించి ఉంటుంది. ఎందుకని అడిగితే జవాబు సిద్ధం: తలుపు ఎత్తి ఉంచితే గాలికి గోడలా అడ్డం పడుతుంది, దించితే గాలి సాఫీగా వెళ్లిపోతుంది, పెట్రోలు కలిసొస్తుంది. వినగానే నిజమేననిపిస్తుంది. ఎదురుగాలిలో గొడుగు పట్టుకున్న మనిషెవరైనా తలూపుతారు. కొందరైతే తలుపు ఊడదీసి దాని చోట వల బిగించుకున్నారు. అందుకోసమే వలలు తయారుచేసి అమ్మేవాళ్లూ పుట్టుకొచ్చారు.

ఇంతమంది నమ్మిన మాట తప్పని తేల్చడానికి గాలి సొరంగాలు, లేజర్లు కావలసివచ్చాయి.

ఆ తలుపు పుట్టినప్పుడు గాలి సంగతి ఎవరూ తలచలేదు. తొలిరోజుల్లో రైతులు, దుకాణదారులు కారు వెనక భాగం తీసేసి చెక్కపెట్టె బిగించుకునేవాళ్లు. 1925లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టి కారుకు ఫ్యాక్టరీలోనే ఉక్కు తొట్టి, వెనక తలుపు అమర్చి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. బస్తాలు జారిపోకుండా ఆపడం, దింపేటప్పుడు తెరుచుకోవడం, ఆ తలుపుకున్న పని అంతే. 20 గుర్రాల ఇంజనుతో గతుకుల దారిలో నడిచే బండికి గాలి పెద్ద శత్రువు కాదు.

వేగం పెరిగాక లెక్క మారింది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి ఇంజను పెట్టే శక్తి ఎనిమిదింతలు కావాలి. ఇప్పటి పెద్ద పికప్‌నే తీసుకుందాం. ఎదురుగా చూస్తే దాని వైశాల్యం 3.3 చదరపు మీటర్లు, గాలి అడ్డును కొలిచే గుణకం 0.4 అనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలి దాన్ని 600 న్యూటన్లకు పైగా బలంతో వెనక్కి లాగుతుంది. అరవై కిలోల బియ్యం మూటను తాడుకు వేలాడదీస్తే ఆ తాడు మీద ఎంత లాగుడు ఉంటుందో, రోడ్డు పొడవునా అంత లాగుడన్నమాట. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. 1974 జనవరిలో అక్కడి ప్రభుత్వం వేగాన్ని గంటకు 55 మైళ్లకు పరిమితం చేసే చట్టం తెచ్చింది. గాలి ఖరీదెంతో అప్పుడు ప్రతి డ్రైవరుకూ తెలిసొచ్చింది.

ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలోని నాసా పరిశోధన కేంద్రంలో ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే ఇంజనీరు సైకిల్ మీద పనికి వెళ్లేవాడు. పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటినప్పుడల్లా గాలి ముందు అతన్ని పక్కకు తోసి, ఆ వెంటనే ట్రక్కు వైపు లాగేది. ఆ తోపుడునూ లాగుడునూ అతను ఊరికే వదిలిపెట్టలేదు. సహచరులతో కలిసి ఒక పాత వ్యానుకు అల్యూమినియం రేకులు బిగించి, అన్ని అంచులూ పదునుగా ఉండే పెట్టెలా మార్చి నడిపాడు. తర్వాత ముందు అంచులను గుండ్రం చేస్తే గాలి అడ్డు దాదాపు సగానికి పడిపోయింది. సైకిల్ తొక్కుతూ ఒంటితో పసిగట్టిన సంగతిని కొలతల దాకా తీసుకెళ్లిన ఆ ఓపిక నాకెంతో ఇష్టం. ఇంకో విషయం కూడా ఆ అనుభవంలోనే ఉంది: బండిని గాలి ముందు నుంచి తోయడమే కాదు, వెనక నుంచి లాగుతుంది కూడా. పికప్ తలుపు కథంతా ఆ వెనక లాగుడులోనే ఉంది.

తొట్టిలో గాలి ఏం చేస్తుందో పంట కాలువ దగ్గర నిలబడి చూడొచ్చు. గట్టు ఒకచోట లోపలికి తొలిచినట్టుంటే కాలువ నీళ్లు ఆ గుంటలోకి మళ్లవు, దాని మూతిని ఒరుసుకుంటూ తిన్నగా పోతాయి. గుంటలో ఉన్న నీళ్లు మాత్రం అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతుంటాయి. అందులో పడ్డ గడ్డిపరక ఎంతసేపైనా చుట్లు కొడుతూనే ఉంటుంది.

పికప్ తొట్టి అలాంటి గుంటే. క్యాబిన్ పైకప్పు మీదుగా వచ్చిన గాలి ఆ అంచు దగ్గర నిటారుగా కిందికి దిగలేదు. అక్కడే లోహాన్ని వదిలేసి ముందుకు సాగుతుంది. తలుపు ఎత్తి ఉంటే తొట్టిలోని గాలి ఒక పెద్ద సుడిగా తిరుగుతూ అక్కడే నిలుస్తుంది. పైన పరుగెత్తే గాలికి ఆ సుడే ఒక మెత్తని మూతలా పనిచేస్తుంది. డ్రైవరు కంటికి తలుపు గోడలా కనిపిస్తుంది గానీ, పై గాలిలో చాలా భాగం ఆ గోడను నేరుగా కొట్టనే కొట్టదు, దాని మీదుగా జారిపోతుంది. తలుపు దించితే సుడికి వెనక ఆసరా పోతుంది. క్యాబిన్ వెనక గోడ దగ్గర గాలి పీడనం పడిపోతుంది, బండిని వెనక్కి లాగే వెలితి పెరుగుతుంది. తలుపు మీద తగ్గిన భారం క్యాబిన్ వీపు మీదికి చేరుతుంది, పైగా కాస్త ఎక్కువగానే.

2003లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అల్ గర్నీ, బెర్నాల్ బృందం పన్నెండో వంతు నమూనా పికప్‌ను గాలి సొరంగంలో పెట్టింది. గాలిలో సన్నని రేణువులు కలిపి, లేజర్ వెలుగులో వాటి కదలికను ఫొటోలు తీసి చూసింది. తలుపు దాటిన గాలి నడిమధ్యన వెనక్కి తిరగకుండా బలంగా కిందికి వాలుతోందని అందులో తేలింది. మరుసటి ఏడాది కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన కెవిన్ కూపర్ ఒక పత్రం ప్రచురించాడు. తలుపు ఎత్తే ఉంచండి అన్న సలహాను అతను శీర్షికలోనే పెట్టేశాడు. 2005లో మిత్‌బస్టర్స్ అనే టీవీ కార్యక్రమం రెండు పికప్‌లను రోడ్డు మీద నడిపి చూపిస్తే, తలుపు దించిన బండికే ముందుగా ఇంధనం అయిపోయింది.

అయితే ఒక మాట. ఈ తేడా చిన్నది. హైవే వేగంలో గాలి అడ్డు రెండు శాతం తగ్గితే ఇంధనం దాదాపు ఒక శాతమే మిగులుతుంది. తొట్టి పొడవు, క్యాబిన్ ఎత్తు మారితే ఆ లెక్కా మారుతుంది. తొట్టిని పూర్తిగా మూసే గట్టి మూత చాలా బండ్లకు తలుపు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండికి ఇవేవీ లెక్కలోకి రావు. కానీ తలుపు దించి నడిపితే ఇంధనం మిగలకపోగా తొట్టిలోని సామాను రోడ్డున పడే ప్రమాదం మాత్రం మిగులుతుంది.

కంపెనీలు ఈ పాఠాన్ని లోహంలోకి దించాయి. ఇటీవలి పికప్‌లలో తలుపు పై అంచు పల్చటి రేకులా ముగియదు, పెదవిలా వెనక్కి సాగి ఉంటుంది. క్యాబిన్ మీద నుంచి వచ్చే గాలి ఆ పెదవి దగ్గర శుభ్రంగా విడిపోవాలని అలా మలిచారు. 2019 రామ్ 1500కు ఇలాంటి మార్పులన్నీ కలిపి గాలి అడ్డు గుణకం 0.357కు తగ్గిందని కంపెనీ చెప్పుకుంది.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌కూ ఇదే అమరిక: ఎత్తయిన క్యాబిన్, తెరిచిన తొట్టి, చివర తలుపు. అలాంటి బండి దొరికితే చిన్న పరీక్ష చేయవచ్చు. తొట్టి నేల మీద వరుసగా జానెడు ఊలు దారాలు ఒక కొస అతికించి, తలుపు మూసి, ఖాళీ రోడ్డు మీద మరొకరు నడుపుతుండగా క్యాబిన్ వెనక అద్దంలోంచి చూడండి. బండి ముందుకు పోతుంటే దారాలన్నీ వెనక్కి ఎగరాలి కదా. చాలా దారాలు క్యాబిన్ వైపే తల తిప్పి ఆడుతుంటాయి.