అడుగని ప్రకటనలు

బ్రౌజరు తెరచినంతనే అడుగని ప్రకటనలు తెరపై ముసురుకొనుట నేడు పెక్కు గృహములలో కానవచ్చుచున్నది. వీనిని తెచ్చు ప్రోగ్రామును యాడ్‌వేర్ అందురు. అది తలుపు పగులగొట్టి వచ్చుట అరుదు. ఉచితముగా లభించు వేరొక ప్రోగ్రాముతో కలిసి, మనము చదువక ‘సరే’ యని నొక్కినపుడు లోనికి వచ్చును.

ఇది కేవలము విసుగు కలిగించు విషయము కాదు. 2014లో లెనోవో సంస్థ కొన్ని లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అను ప్రోగ్రామును ముందే చేర్చి విక్రయించెను. ప్రకటనలు చొప్పించుటకై అది మనకును, బ్యాంకు వంటి సైట్లకును నడుమ నిలిచి, గుప్తముగా సాగవలసిన సమాచారమును విప్పి చూడగలిగెడిది. అందుకు వాడిన తాళపుచెవి అన్ని యంత్రములకు ఒక్కటే యగుటచే, అది చేజిక్కిన మోసగానికి ఆ యంత్రములన్నిటికిని త్రోవ తెరచినట్లే యయ్యెను. 2015 ఫిబ్రవరిలో సంగతి బయటపడిన పిమ్మట, దానిని తొలగించు సాధనమును సంస్థ విడుదల చేసెను.

యాడ్‌వేరును తొలగించుటకు ఒక క్రమము కలదు. ముందుగా కంప్యూటరులోని ప్రోగ్రాముల పట్టికను చూచి, మనము కోరక చేరినదానిని తీసివేయవలెను. అది మిగిలినచో, తీసివేసిన తక్కినవానిని మరల తెచ్చిపెట్టవచ్చును. పిదప బ్రౌజరులోని ఎక్స్‌టెన్షన్లను, నోటిఫికేషన్లకు అనుమతి పొందిన సైట్లను, మారిపోయిన సెర్చ్ ఇంజనును సరిచూడవలెను. అప్పటికిని పోనిచో సెట్టింగులను రీసెట్ చేయవచ్చును. క్రోములో ఇట్లు చేసినను బుక్‌మార్కులు, భద్రపరచిన పాస్‌వర్డులు చెరగవు. ‘మీ యంత్రమున వైరసు కలదు, ఇచట నొక్కుడు’ అను హెచ్చరిక సైటులో కనబడినచో నొక్కరాదు. అదియు ప్రకటనయే కావచ్చును.

ప్రకటనను మూసినంతమాత్రమున పని తీరదు. తెలియక యిచ్చిన అనుమతిని తెలిసి వెనుకకు తీసికొనవలెను.