గుండె దిటవు ఎక్కడి నుంచి వస్తుంది?

అనంతపురం జిల్లా రాప్తాడు మండలంలో సెనక్కాయ వేసిన రైతు దగ్గరికి ఆగస్టు నెలలో పోయి "ధైర్యంగా ఉండప్పా" అని చెప్పి చూడండి. "అట్లే సార్" అంటాడు. మీరు అటు తిరగ్గానే మళ్లీ మోడం వైపు చూస్తాడు. ఆ చూపు అర్థం కావాలంటే సెనక్కాయ చెట్టు గురించి కొంచెం తెలియాలి. దానికి పూత పైన, కాయ కింద. పూత రాలిన చోటు నుంచి సన్నటి ఊడ ఒకటి దిగి మట్టిలోకి దూరాలి. దూరితేనే కాయ. సరిగ్గా ఆ రోజుల్లో రెండు మూడు వారాలు చినుకు లేకపోతే ఎర్రమట్టి పైపొర బిగుసుకుపోతుంది, ఊడ మొన అక్కడే మాడిపోతుంది. విత్తనం, ఎరువు, సేద్యం, కలుపుకూలి, పెట్టాల్సిన డబ్బంతా అప్పటికే పెట్టేసి ఉంటాడు. ఇక చేయడానికి ఏమీ మిగలని ఆ వారాలే మనిషిని తినేస్తాయి.

ఇది ఏదో ఒక ఏటి సంగతి కాదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. నైరుతి మేఘాల్లోని నీళ్లు చాలావరకు పడమటి కనుమల దగ్గరే కురిసిపోతాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. రాప్తాడు మండలంలోని బండమీదపల్లిలో 1943లో పుట్టిన సింగమనేని నారాయణ ఈ సేద్యం మీదే కథలు రాశారు. ఒక సంపుటికి 'జూదం' అని పేరు పెట్టారు. ఆ పేరెందుకో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంత కరువులోనూ ఊళ్లు నిలబడే ఉన్నాయి. అందరూ పుట్టుకతో గుండె ధైర్యం ఉన్నవాళ్లనా? నేననుకోవడం, కాదు. ధైర్యమనేది మనిషి లోపల ముందే దాచి ఉంచిన సొత్తు కాదు. చేతిలో చేయదగిన పని ఒకటుంటే, పక్కన మాట్లాడే మనిషి ఒకరుంటే అది పుడుతుంది. ఆ రెండూ లేనివాడికి ఎన్ని ధైర్యవచనాలు చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే.

ముందు కష్టం మనసును ఏం చేస్తుందో చూద్దాం. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద చేసిన ఒక పరిశోధన 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కోతకు ముందు చేతిలో డబ్బు ఆడని రోజుల్లోనూ, కోత తరవాత డబ్బు చేతికొచ్చిన రోజుల్లోనూ అదే రైతులకు ఆలోచనా పరీక్షలు పెట్టారు. మనుషులు వాళ్లే, తెలివీ అదే. అయినా డబ్బు లేని రోజుల్లో తప్పులు ఎక్కువ చేశారు. మనసులో సగం అప్పు లెక్కలకే పోతే, మిగతా సగంతోనే కదా బతుకు నడపాలి! అందుకే మనేదలో ఉన్న మనిషి చెప్పింది మరిచిపోతాడు, చిన్నదానికే విసుక్కుంటాడు, రేపటి గురించి అడిగితే మౌనంగా ఉంటాడు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమనో మొండితనమనో అనుకుంటారు. తనను తాను చేతకానివాడినని అతనూ తిట్టుకుంటాడు. అందులో ఏదీ నిజం కాదు.

మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఏం చేసినా తప్పించుకోలేని బాధను ముందు అనుభవించిన జంతువు, తరవాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడుకుంటుందని చూపించారు. నిస్సహాయత నేర్చుకున్న గుణమని యాభై ఏళ్ల పాటు పుస్తకాల్లో చదువుకున్నాం. 2016లో వాళ్లిద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. నేర్చుకునేది నిస్సహాయతను కాదట. ఎడతెగని బాధలో చతికిలబడటం మెదడుకు సహజం. 'నేను చేస్తే కొంతైనా మారుతుంది' అన్నదే అనుభవం మీద నేర్చుకునే విద్య.

అంటే కష్టకాలంలో కుంగిపోవడం లోపం కాదు. పైకి లేవాలంటే మాత్రం ఉపన్యాసం చాలదు. చేస్తే ఫలితం కనిపించే పని, ఎంత చిన్నదైనా సరే, ఒకటి దొరకాలి.

ఈ జిల్లా చరిత్రలో పనికొచ్చిన ప్రయత్నాలన్నీ ఇంచుమించు ఆ కోవలోవే. 1969లో అనంతపురం వచ్చిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బోధనలతో ఆగలేదు. ఇళ్లు, బళ్లు, ఆసుపత్రులు, నీటి పనులు చేపట్టింది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధి హామీ పథకాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. పంట పోయినా అడిగితే ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాల్సిందే అని అప్పటి చట్టం ఇచ్చిన మాట కూలి డబ్బుకన్నా పెద్దది. వాన చేతిలో లేకపోయినా పని అడిగే హక్కు చేతిలో ఉంది. పక్కన మాట్లాడే మనిషి సంగతీ అంతే. పొదుపు సంఘంలో కూర్చున్న ఆడవాళ్లు మగవాళ్లకన్నా ఎక్కువ తట్టుకోవడం చూస్తుంటాం. వాళ్ల కష్టం తక్కువై కాదు. వారానికో నెలకో ఒకసారి నలుగురిలో కూర్చుని "ఈసారి కంతు కట్టలేనక్కా" అని నోరు విప్పి చెప్పుకునే చోటు వాళ్లకు ఉంది. మగవాడికి రచ్చకట్ట ఉన్నా, అక్కడ రాజకీయాలు మాట్లాడతాడు గానీ అప్పు మాట ఎత్తడు.

ఆశలన్నీ మంచివి కావన్నది కూడా ఇక్కడే చెప్పాలి. మూడు బోర్లు ఎండిపోయాక "ఇంకొకటి వేద్దాం, పడకపోతుందా" అని నాలుగోదానికి అప్పు తెచ్చేవాడిలోనూ ఆశ నిండుగానే ఉంటుంది. చార్లెస్ స్నైడర్ అనే మనస్తత్వవేత్త ఆశకు రెండు కావాలన్నాడు: చేయాలన్న పట్టుదల, చేరే దారులు. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి వెతకగలగడం ఆశ. మూసుకుపోయిన దారిలోనే తల బాదుకోవడం ఆశ కాదు. సెనక్కాయ సాళ్ల మధ్య కంది, అనుములు, అలసంద కలిపి వేసే రైతు, నాలుగు జీవాలు సాకే రైతు పెద్ద ధైర్యవంతుడిలా కనిపించకపోవచ్చు. కానీ అతనికి రెండో దారి, మూడో దారి ఉన్నాయి.

మరి ఈ పూట, ఈ ఇంట్లో ఏం చేయాలి? భార్యాభర్తలు కూర్చుని అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. బ్యాంకు ఎంత, సొసైటీ ఎంత, వడ్డీ వ్యాపారి దగ్గర ఎంత, ఏది ముందు, ఏది ఆగుతుంది. తల్లో తిరిగే అప్పు ఎప్పుడూ కాగితం మీద అప్పుకన్నా పెద్దది. తరవాత, మనసు బాగయ్యాక పని మొదలుపెడదామని ఆగకండి. గోవాలో దిగులు జబ్బుతో ఉన్నవాళ్లకు డాక్టర్లు కాని మామూలు మనుషులే కొంత శిక్షణ తీసుకుని, రోజూ చిన్న చిన్న పనులు పెట్టుకుని చేసేలా తోడ్పడ్డారు. చాలామంది తేరుకున్నారని 2017లో 'లాన్సెట్' వైద్యపత్రిక ప్రచురించింది. ముందు పని, దాని వెంట మనసు. ఎద్దుకు నీళ్లు పెట్టడం, గట్టు సరిచేయడం, పిల్లను బడి దాకా దింపి రావడం, ఏదైనా సరే.

ఇక పక్కింటివాళ్ల వంతు. మనిషి నలుగురిలోకి రావడం మానేసినా, తిండి నిద్ర తప్పినా, "నేను లేకపోతే మీరే బాగుంటారు" లాంటి మాట అన్నా, ఊరికే పోనీయకండి. "ఏమప్పా, ఈమధ్య కనపడకుండా పోతివి, మనసులో ఏముందో చెప్పు" అని అడగండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా కూడా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. అడిగాక సలహాలు కురిపించకండి, వినండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందులు ఉంచకండి. శ్రీలంకలో అతి విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించాక ఆత్మహత్యల రేటు సగానికన్నా కిందికి పడింది. ఆ చెడు ఘడియ దాటించగలిగితే చాలామంది బతుకుతారు.

ఆత్మహత్యాయత్నం జరిగితే పోలీసు కేసవుతుందని దాచిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, అతన్ని శిక్షించకూడదు, ప్రభుత్వమే చికిత్స, సంరక్షణ చూడాలి. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ ఫోనులో పెట్టుకోండి. మీకు అవసరం లేకపోయినా మీ వీధిలో ఎవరికో ఒకరికి పనికొస్తుంది.