ల్యాప్‌టాప్ కొనే ముందు మూడు ప్రశ్నలు

జూలూరుపాడు మండలంలో ఒక తల్లి, ఒక బిడ్డ ఉన్నారు. తల్లి పత్తి ఏరడానికి, మిరపకాయ కోతకు కూలికి పోతుంది. పెద్దయ్యాకే అక్షరాలు నేర్చుకుంది. బిడ్డ ఇంటర్ పాసైంది. కొత్తగూడెంలో బి.కాం. కంప్యూటర్స్ చదవాలని ఆమె ఆశ.

ఇప్పుడు డిగ్రీలో చేరాలన్నా నెట్ కావాలి. తెలంగాణలో 2016 నుంచి 'దోస్త్' పద్ధతి వచ్చింది. దరఖాస్తు నెట్‌లోనే పెట్టాలి.

"అమ్మా, నాకు ల్యాప్‌టాప్ కావాలె" అంది బిడ్డ.

"ఎంతైతది బిడ్డా?" అని అడిగింది తల్లి.

తల్లి దగ్గర 18 వేల రూపాయలు ఉన్నాయి. అవి రెండేళ్లు కూలి చేసి, సంఘంలో పొదుపు చేసుకున్న డబ్బులు. తప్పు వస్తువు కొంటే ఆ రెండేళ్ల కష్టం పోయినట్టే.

ఇద్దరూ దుకాణానికి పోయారు. దుకాణదారుడు ఒక చిన్న ల్యాప్‌టాప్ చూపించాడు. "దీన్ని క్రోమ్‌బుక్ అంటరు అక్కా. 17 వేలు. ఇయ్యాలే తీసుకుంటే ఇంకో 500 తగ్గిస్త" అన్నాడు.

ఇది అంత తక్కువ ధరకు ఎట్లా వస్తుంది? మామూలు ల్యాప్‌టాప్‌కూ దీనికీ తేడా ఏమిటి?

మామూలు ల్యాప్‌టాప్ గాదె ఉన్న ఇల్లు లాంటిది. కావలసిన సరుకంతా లోపలే దాచుకుంటుంది. అందుకే లోపల చోటు ఎక్కువ ఉండాలి. ధరా ఎక్కువే. నెట్ కోసం చేసిన ల్యాప్‌టాప్ అట్లా కాదు. అది ఎప్పటికప్పుడు అంగడికి పోయి సరుకు తెచ్చుకునే ఇల్లు. దానికి పెద్ద గాదె అక్కరలేదు. పాఠాలు, ఉత్తరాలు, ఫొటోలు ఎక్కువగా నెట్‌లోనే దాస్తుంది. అందుకే ధర తగ్గుతుంది. కానీ వాన పడి వాగు పొంగితే అంగడికి పోలేం కదా? నెట్ లేనప్పుడు ఈ ల్యాప్‌టాప్ పని కూడా సగం ఆగిపోతుంది.

క్రోమ్‌బుక్‌లు 2011లో అమెరికాలో మొదట అమ్మకానికి వచ్చాయి. 2013లో మన దేశానికి వచ్చాయి. 2023 నుంచి చెన్నై దగ్గర కూడా తయారు చేయడం మొదలుపెట్టారు. అదే 2023లో జియో సంస్థ ఇట్లాంటిదే 'జియోబుక్' అనే ల్యాప్‌టాప్‌ను 16,499 రూపాయలకు తెచ్చింది. దాంట్లో సిమ్ కార్డు వేసుకునే వీలు పెట్టింది. చాలా ల్యాప్‌టాప్‌లకు ఆ వీలు లేదు. వాటికి ఫోన్ నుంచి నెట్ ఇవ్వాలి.

తల్లి వెంటనే డబ్బు తీయలేదు. "అడిగి వస్తం అన్నా" అని చెప్పి వచ్చేసింది. తర్వాత మూడు సంగతులు తెలుసుకుంది.

మొదటి ప్రశ్న: ఏ పనికి కావాలి?

పాఠం వినడానికి, నోట్సు రాయడానికి, దరఖాస్తు పెట్టడానికి నెట్ ల్యాప్‌టాప్ చాలు. కానీ బి.కాం. పిల్లలకు ట్యాలీ అనే లెక్కల ప్రోగ్రాం నేర్పుతారు. అది విండోస్ ఉన్న కంప్యూటర్ల కోసం చేసింది. క్రోమ్‌బుక్‌లో నేరుగా ఎక్కదు. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పలేదు. బిడ్డ కాలేజీకి పోయి అడిగింది. ట్యాలీ కాలేజీ ల్యాబులోనే నేర్పుతారని, ఇంటి దగ్గర పాఠాలకు నెట్ ల్యాప్‌టాప్ సరిపోతుందని సార్లు చెప్పారు. ఇంటి దగ్గర కూడా ట్యాలీ చేయాలని చెబితే? అప్పుడు మామూలు ల్యాప్‌టాపే కొనాలి.

రెండో ప్రశ్న: మన ఇంట్లో సిగ్నల్ ఉందా?

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీల్లో పాఠాలు చెప్పారు. ఎందుకు? అందరి ఇళ్లలో నెట్ లేదు కనుక. అడవి అంచు ఊళ్లలో ఒక వీధిలో సిగ్నల్ వస్తుంది. పక్క వీధిలో రాదు.

తల్లీబిడ్డలు సాయంత్రం ఫోన్‌లో వీడియో పెట్టి చూశారు. ఇంటి లోపల బొమ్మ ఆగిపోయింది. వాకిట్లో వేపచెట్టు కింద బాగా వచ్చింది. ఖర్చు కూడా లెక్క వేశారు. గంట వీడియో పాఠానికి అర జీబీ నుంచి ఒక జీబీ దాకా పోవచ్చు. నెలనెలా రీచార్జి డబ్బు కూడా ల్యాప్‌టాప్ ఖర్చే.

మూడో ప్రశ్న: ఎన్నేళ్లు పనికొస్తుంది?

విత్తనాల ప్యాకెట్ మీద గడువు తేదీ చూస్తాం కదా? క్రోమ్‌బుక్‌కు కూడా ఒక గడువు ఉంటుంది. ఆ తేదీ దాకా గూగుల్ సంస్థ దాన్ని దొంగల నుంచి కాపాడే మార్పులు పంపుతుంది. 2021 నుంచి వచ్చిన రకాలకు ఈ గడువు పదేళ్లు. కానీ ఆ లెక్క మనం కొన్న రోజు నుంచి కాదు. ఆ రకం మొదట విడుదలైన నాటి నుంచి. పాత సరుకు చవకగా ఇస్తున్నారంటే గడువు దగ్గర పడిందేమో చూడాలి. ఆ తేదీ సెట్టింగుల్లో కనబడుతుంది. తెరిచి చూపించమని అడగాలి.

తల్లి మళ్లీ దుకాణానికి పోయింది. అట్టపెట్టె మీద అక్షరాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. కానీ అంకెలు ఆమెకు వచ్చు. 4 జీబీ, 64 జీబీ అని ఉంది. మొదటి అంకె ఒకేసారి ఎన్ని పనులు చేయగలదో చెబుతుంది. 4 ఉంటే నడుస్తుంది, 8 ఉంటే మేలు. రెండో అంకె లోపల దాచుకునే చోటు.

"గడువు తేదీ చూపించు అన్నా" అంది తల్లి. దుకాణదారుడు ఆమె ముఖం చూసి, ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. ఇంకా ఏడేళ్లు ఉంది. తల్లి తేదీని తానే చదువుకుంది. బిల్లు, గ్యారంటీ కాగితం అడిగి తీసుకుంది. అప్పుడే డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.

అడగడం నామోషీ కాదు. డబ్బు మనది. ప్రశ్న కూడా మనదే.

మాట్లాడుకోండి:
1. మీ ఇంట్లో సిగ్నల్ ఎక్కడ బాగా వస్తుంది?
2. తల్లి మొదటి రోజే కొని ఉంటే ఏ సంగతులు తెలియకుండా పోయేవి?
3. మీరు ఈమధ్య కొన్న ఏ వస్తువు మీద గడువు తేదీ చదివారు?