సెల్ఫ్ మూలుగుతోందా? ముందు ఎర్త్ చూడండి

నాన్న పాత అంబాసిడర్‌కి ఇంజన్ బోరు చేయించి, దానికి రంగు కూడా వేయించారు. బిగించాక సెల్ఫ్ కొడితే మూలుగే. కొత్త బ్యాటరీ వేసినా అంతే. బేరింగులు పట్టేశాయి, మళ్లీ ఇంజన్ దింపాల్సిందే అన్నాడు మేస్త్రి. ఇంకో ఖర్చు! నాన్న ముఖం వాడిపోయింది.

పీయూసీలో చదివిన ఓమ్ సూత్రం గుర్తొచ్చింది నాకు. సెల్ఫ్ మోటారు 100 ఆంపియర్లకు పైనే లాగుతుంది. దారిలో 0.01 ఓమ్ అడ్డున్నా ఒక వోల్టు పోయినట్టే. ఇంజన్ కూర్చునేది రబ్బరు దిమ్మల మీద. కరెంటు తిరిగి రావడానికి ఎర్త్ పట్టీయే దారి.

మీటరు వైర్లు ఒకటి బ్యాటరీ ఎర్త్ కొనకీ, ఇంకోటి ఇంజన్‌కీ ఆనించి, నాన్నని సెల్ఫ్ కొట్టమన్నాను. అర వోల్టు దాటకూడదు. మూడు చూపించింది! పట్టీ బోల్టు కింద కొత్త రంగు పొర. ఇనుము తేలేదాకా గీకి బిగించాం, గిర్రున తిరిగింది. మేస్త్రి మాత్రం ఇప్పటికీ కొత్త బ్యాటరీ పుణ్యమే అంటాడు.